పొగ లేని ఆట

నేను దొంగనని మా సంఘంలో అందరికీ తెలుసు. నేనే చెప్పాను, మైకు పట్టుకొని, ఈస్టరుకు ముందు ఆదివారం నాడు. చెప్పి రెండేళ్లు దాటింది. ఇప్పటికీ కొందరు పెద్దమ్మలు ఆరాధన అయ్యాక నా చెయ్యి పట్టుకొని "మారుమనసు పొందిన పిల్ల" అని ముచ్చటపడుతుంటారు. వాళ్ల ముచ్చట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

జరిగింది వరసగా చెబుతాను. నమ్మకపోయినా పరవాలేదు, నాకు అలవాటే.

బీకాం అయ్యాక నేను సుపేలా మార్కెట్లో ఎబెన్ అన్న కంప్యూటర్ షాపులో కూర్చునేదాన్ని. ఎబెన్ అన్న మా సంఘం మనిషే, అందుకే నాన్న ఒప్పుకున్నాడు. ఆరు మిషన్లు, గంటల లెక్కన ఆటలు. పిల్లలు వెళ్లిపోయాక మౌసులు విప్పి లోపల పేరుకున్న మురికి గోటితో గీకడం, కీబోర్డుల్లోంచి మిక్చర్ పలుకులు దులపడం నా పని. షాపు ఖాళీగా ఉంటే నేనూ ఆడేదాన్ని. అందరూ ఆడేది ఒకటే ఆట. ఎడారి ఊరు, ఇరుకు సందులు, రెండు జట్లు, తుపాకులు. మొదట్లో కుర్రాళ్లు నన్ను చూసి నవ్వారు. ఏడాది తిరిగేసరికి "దీదీ, మా టీమ్‌లోకి రండి" అని కొట్టుకునేవారు. సుపేలాలో నన్ను ఓడించినవాడు లేడు. ఈ ముక్క చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

మా మిషన్లు పాతవి. రాయ్‌పూర్‌లో ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకుంటే ఎబెన్ అన్న ఆటోలో వేసుకొచ్చాడు. వాటిలో బొమ్మల కోసం వేరే కార్డు లేదు. ఆ ఆటలో బొమ్మ గీసే పద్ధతులు రెండు. ఒకటి కార్డు గీస్తుంది, నున్నగా, మెరుస్తూ. రెండోది సాఫ్ట్‌వేర్ పద్ధతి, కార్డు లేని కంప్యూటరు తనే ఆపసోపాలు పడి గీస్తుంది. మాది రెండోది. గోడలు గళ్లు గళ్లుగా ఉండేవి. దూరంగా ఉన్న మనిషంటే నాలుగు చుక్కలు. ఆ నాలుగు చుక్కలు కదిలితే మనిషి, కదలకపోతే డ్రమ్ము. నేను నేర్చుకున్న విద్య అదే.

ఆ ఆటలో ఒక బాంబు ఉంది. విసిరితే ఠంగున పడి బుస్సుమంటుంది. అంతే. ఇంకేమీ జరగదు. మా షాపులో దానికి ఫుస్సీ బాంబు అని పేరు. దీపావళికి వెలిగించాక పేలకుండా ఆరిపోయే టపాకాయను ఇక్కడి పిల్లలు అలాగే పిలుస్తారు. ఓడిపోయినవాడి నెత్తిన నవ్వులాటకి విసిరేవాళ్లం. ఆటలోని ఆయుధాల లిస్టులో దాని పేరు పొగబాంబనే ఉంది. ఉంటే? సుపేలాలో శుద్ధమైన నెయ్యి అని రాసిన డబ్బాలో నెయ్యి ఉంటుందని ఎవరు నమ్ముతారు?

కార్డు ఉన్న కంప్యూటర్లో ఆ బాంబులోంచి నిజంగానే పొగ లేస్తుంది. గోడంత పొగ. అందులో దాక్కుంటే ఎదుటివాడికి కనబడరు. మా ఆరు మిషన్లలో ఒక్కదానిలోనూ ఆ పొగ ఏనాడూ లేవలేదు. గోడలు గీయడానికే ఊపిరాడని కంప్యూటరు పొగ జోలికి పోయేది కాదు. ఈ సంగతి నాకు 2002 నవంబరు ఒకటో తేదీ సాయంత్రం నాలుగింటిదాకా తెలియదు. నేను ఎవరినైనా నమ్మమని అడిగింది ఈ ఒక్క మాటే.

శరత్‌కి తెలుసు. శరత్ పరబ్రహ్మంగారి అబ్బాయి. పరబ్రహ్మంగారు ఉక్కు ప్లాంటులో మా నాన్న పనిచేసే కోక్ ఓవెన్స్‌లోనే, బొగ్గు బట్టీల దగ్గర, ఆఫీసరు. వాళ్లింట్లో కార్డు ఉన్న కంప్యూటరు ఉంది గానీ, ఆడటానికి పక్కన మనిషి లేడు. అందుకని సాయంత్రాలు మా షాపుకొచ్చి కుర్రాళ్లతో ఆడేవాడు. మేం ఫుస్సీ బాంబు విసురుకొని పడీ పడీ నవ్వుతుంటే తనలో తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వు అప్పుడు నాకు అర్థం కాలేదు.

రాయ్‌పూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం పుట్టి రెండేళ్లయిన రోజు, నవంబరు ఒకటి, సెలవు. వైశాలి నగర్లో కొత్తగా తెరిచిన కంప్యూటర్ సెంటర్ వాళ్లు ఆ రోజు పోటీ పెట్టారు. మొదటి బహుమతి గ్రాఫిక్స్ కార్డు, తళతళలాడే అట్టపెట్టెలో. మా ఇంట్లో కంప్యూటరే లేదు, కార్డు ఎక్కడ పెట్టుకుంటావని అమ్మ నవ్వింది. షాపులో నాలుగో నంబరు మిషన్లో పెడదామనుకున్నాను. అది నా మిషను.

మా నాన్న కొర్నేలి గురించి ఇక్కడ చెప్పాలి. ఈ టౌన్‌షిప్‌లో ప్లాంటు నుంచి చెప్పకుండా పట్టుకొచ్చిన సరుకు లేని ఇల్లు ఉండదు. ఒకరింట్లో బట్టలారేసే తీగ, ఒకరింట్లో పూలకుండీ కింద ఇనుప పలక. మా ఇంట్లో గోడకి కొట్టిన మేకు కూడా బజార్లో కొన్నదే. ఆ సంగతి పదిమందికీ తెలియడం నాన్నకి ముఖ్యం. సంఘపెద్ద ఆయన. నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల నాడు ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్లెం పట్టుకొని వరస వరసకీ తిరిగేది ఆయనే. తప్పు దాచుకున్నవాళ్లు ఆ రసం ముట్టకూడదు. పోటీకి బయల్దేరుతుంటే "గెలిస్తే గెలువు, ఓడితే ఓడు. మాట పడీలాగ మాత్రం చెయ్యకు" అన్నాడు.

సెంటర్లో అన్నీ కొత్త మిషన్లు, కార్డులున్నవి. చెయ్యి అలవాటు కోసం ఐదు నిమిషాలు ఒంటరిగా ఆడుకోమన్నారు. నాకు కళ్లు తిరిగాయి. గోడల మీద వెలుతురు, నేల మీద నీడ. నా ఊరే, కానీ ఎవరో సున్నం కొట్టి పెళ్లికి ముస్తాబు చేసినట్టుంది. నా నాలుగు చుక్కలు ఎక్కడా లేవు. మౌసు అటూ ఇటూ తిప్పుతూ వెతికాను.

పక్క కుర్చీలో ఉన్న శరత్ చూశాడు. "ఏంటి జెన్నీ, పరేషాన్ అవుతున్నావా? ఆప్షన్స్‌లో వీడియోలోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ పెట్టుకో. నీకు అలవాటైందే కదా. ఎవరూ కాదనరు" అన్నాడు, నా వైపు వంగి, మెల్లగా.

సెంటర్ ఓనరుని అడిగాను. ఆయన నవ్వి "రఖ్ లో బేటీ, క్యా ఫరక్ పడ్తా హై" అన్నాడు. పెట్టుకో, తేడా ఏముందిలే అని. మార్చాను. తెర ఒక్కసారి నల్లబడి తిరిగొచ్చింది. గళ్ల గోడలు, నాలుగు చుక్కలు. ప్రాణం లేచొచ్చింది.

నాలుగు ఆటలు వరసగా గెలిచాను. ఆఫీసర్ల పిల్లలు ఇంత తెలివితక్కువవాళ్లేమిటా అనిపించింది. బాంబు బుస్సుమనగానే నడివీధిలోకి వచ్చి చతికిలబడుతున్నారు, కాల్చుకోమన్నట్టు. కాల్చాను. లోపల ఎంత పొంగిపోయానో! ఆ గర్వానికి ఎవరైనా శిక్ష వేసి ఉంటే నోరెత్తకుండా ఒప్పుకునేదాన్ని. ఆఖరి ఆట శరత్‌తో. వాడూ అలాగే బుస్సుమనిపించి వీధి మధ్యలో కూర్చున్నాడు. మూడుసార్లు కూర్చున్నాడు. మూడుసార్లూ పోయాడు.

వాడు కుర్చీ వెనక్కి నెట్టి లేచి నా తెర చూశాడు. తరవాత గట్టిగా అన్నాడు, "సర్, ఈమెకి స్మోక్ కనబడటం లేదు. చీటింగ్ హై యే."

జనం మూగారు. ఓనరు వచ్చి వాడి తెర మీద బాంబు వేయించాడు. అప్పుడు చూశాను. తెల్లగా, ఒత్తుగా లేచింది. వీధి వీధంతా కమ్మేసింది. పక్కనే నా తెర మీద అదే వీధి, అదే బాంబు, ఖాళీగా, ఎండలో. నా నోట్లోంచి "అదేంటి?" అని వచ్చేసింది. అందరూ ఘొల్లుమన్నారు. "యాక్టింగ్ దేఖో దీదీకీ" అన్నాడొకడు, అక్క నటన చూడండ్రా అని. సాఫ్ట్‌వేర్ కావాలని అడిగింది నువ్వే కదా అన్నాడు ఓనరు. నేనేనన్నాను. శరత్ వైపు చూశాను. తనే చెప్పానని ఒక్క ముక్క అంటాడేమోనని చూశాను. వాడు మౌసు తీగ వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

కార్డు వాడికిచ్చారు. వాడింట్లో అప్పటికే ఒకటుంది.

మర్నాడు మొదటి షిఫ్టులో పరబ్రహ్మంగారు మా నాన్నతో అన్నారట, పదిమందిలో, నవ్వుతూనే, "మీ అమ్మాయి గట్టిదయ్యా కొర్నేలీ! మనం ఇక్కడ పొగతో చస్తుంటే, తను ఏకంగా పొగే లేకుండా చేసుకుంది." పదిమందీ నవ్వారట. నాన్న ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పలేదు.

"తెలిసే చేసేవా?" అన్నాడు.

"లేదు నాన్నా. మా షాపులో ఎప్పుడూ పొగ రాలేదు. పొగ ఉంటాదనే తెలీదు."

"బాంబు పేరేటి?"

"పొగబాంబు."

నాన్న నా మొహంలోకి చూశాడు. "ఇరవయ్యారేళ్లు బట్టీల కాడ పొగ మింగినోణ్ణి నేను. పొగబాంబుకి పొగ ఉండదనుకున్నానని నాకు చెప్తున్నావేటి?"

ఆ మర్నాడు మొదటి ఆదివారం. నాన్న పళ్లెం పట్టుకొని ఆడవాళ్ల వైపు వరసలోకి వచ్చాడు. అమ్మ దగ్గర ఆగాడు. అమ్మ గ్లాసు తీసుకుంది. నేను చెయ్యి చాపాను. పళ్లెం నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్లింది. చాపిన చెయ్యి ఏం చేయాలో తెలియక పాటల పుస్తకం సర్దుకున్నాను. వెనక వరసల వాళ్లందరూ చూశారు. చూడాలనే దాటించాడు.

ఎబెన్ అన్నని బతిమాలాను. "అన్నా, నువ్వు చెప్పు. నీకూ తెలీదు కదా." అన్న తల గోక్కున్నాడు. "నా మిషన్లలో పొగ రాదని ఊరంతా చాటుకోమంటావేటే? రేపు ఎవడొస్తాడు నా షాపుకి?" అన్నాడు. తరవాత వారం, కుర్రాళ్లు వెక్కిరిస్తున్నారు, కొన్నాళ్లు రావద్దని చెప్పాడు. కొన్నాళ్లే అన్నాడు. మళ్లీ పిలవలేదు.

డిసెంబరులో నేనే వైశాలి నగర్ వెళ్లి ఆ ఓనరు కాళ్లావేళ్లా పడ్డాను, ఒక్క పది నిమిషాలు మిషను ఇమ్మని. నాన్నని లాక్కెళ్లాను. మిషను ముందు కూర్చోబెట్టి, ముందు కార్డు పద్ధతిలో బాంబు వేశాను. పొగ లేచింది. నాన్న కళ్లు చిన్నవి చేసుకొని చూశాడు. తరవాత ఆప్షన్స్‌లోకి వెళ్లి మార్చాను. తెర నల్లబడి వచ్చింది. మళ్లీ బాంబు. బుస్సుమంది. పొగ లేదు.

"చూసేవా నాన్నా! మా షాపులో ఇదే. ఏడాదంతా నేను చూసింది ఇదే."

"ఇంకోసారి మార్చు" అన్నాడు. మార్చాను. పొగ. మళ్లీ మార్చాను. లేదు. నాలుగుసార్లు మార్పించాడు. నాకు ఆశ పుట్టింది. పొగ లేని తెర మీద ఆయన చూపు నిలిచిపోయింది. నమ్మాడు, అనుకున్నాను.

"అంటే పొగ నిజంగానే తీసీవచ్చు" అన్నాడు చివరికి. "ఒక్క మీట నొక్కితే పోతాది. ఆ అబ్బాయి చెప్పింది నిజమే. నేనింకా వాడు ఈర్ష్యకి అంటన్నాడేమో అనుకున్నాను."

నా దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే, అది వాడి వైపు వెళ్లి నిలబడింది. తెర మీద పొగ ఉండటం చూపించగలను, లేకపోవడం చూపించగలను. నాకు తెలియకపోవడం ఏ మీట నొక్కి చూపించను? శరత్ తనే మార్చుకోమన్నాడని చెప్పాను. నాన్న స్కూటరు తాళం తీస్తూ, "ఇప్పుడు ఆడి మీదికి తోసీ" అన్నాడు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి. ప్రతి మొదటి ఆదివారం పళ్లెం నన్ను దాటింది. ఇంట్లో నాన్న నాతో మాట్లాడకపోవడమంటూ లేదు. అన్నం తిన్నావా అనేవాడు, జ్వరమొస్తే మాత్రలు తెచ్చేవాడు. ఆయన మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నేనూ తిట్టుకొని ఊరుకునేదాన్ని.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం అమ్మ చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. నాన్న పాస్టరుగారికి ఉత్తరం రాశాడట, ఈస్టరు నుంచి సంఘపెద్దగా మానేస్తానని. ఇల్లు దిద్దుకోలేనివాడు పళ్లెం పట్టుకోకూడదని రాశాడట.

"పద్దెనిమిదేళ్లుగా పట్టుకుంటన్నాడే ఆ పళ్లెం" అంది అమ్మ. "అది వదిలీస్తే మీ నాన్న బతకడు. ఒక్క మాట చెప్పీ తల్లీ. తెలిసే చేసేను, క్షమించండి అని."

"నువ్వూ నమ్మలేదన్నమాట."

అమ్మ చేతిలో గింజ కింద పెట్టింది. "నమ్మకపోడమేటి? నువ్వు ఎరగవని నాకు మొదట్రోజే తెలుసు. నీ మొహం నాకు తెలీదేటి? దేవుడికీ తెలుసు. అందుకే అంటన్నాను, ఆయనకి తెలుసు కదా, నువ్వు పైకి ఏటన్నా ఫర్లేదు."

ఆర్నెల్లుగా నేను వెతుకుతున్న మనిషి మా వంటింట్లోనే ఉంది. నమ్మింది, నమ్మి నోరు మూసుకుంది, ఇప్పుడు అబద్ధమాడమంటోంది. నాకు ఏడుపు రావాలి. కోపం తన్నుకొచ్చింది. అయినా ఆ ఆదివారం వెళ్లి మైకు పట్టుకున్నాను.

"నేను పోటీలో పొగ తీసేసి ఆడాను. తెలిసే చేశాను. నన్ను క్షమించండి" అన్నాను. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే మొదట్రోజే చెప్పేదాన్ని. స్తోత్రం, స్తోత్రం అని సంఘమంతా కదిలింది. ముందు వరసలో నాన్న మొహం చేతుల్లో దాచుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు. మే నెల మొదటి ఆదివారం పళ్లెం నా ముందు ఆగింది. గ్లాసులు చిన్నగా మోగాయి. తీసుకొని తాగాను. నాన్న ఆ రోజు కోడి తెచ్చాడు, ఇంట్లో పాట పాడాడు. నాకు ఆ రసం చేదు రోజంతా నాలుక మీదే ఉంది.

మొన్న, 2005 ఆగస్టులో, మేనత్త కూతురి పెళ్లికి బొబ్బిలి వెళ్లాలి. దుర్గ్ స్టేషన్లో బండి రెండు గంటలు లేటన్నారు. నాన్న, అమ్మ, నేను సామాన్ల మీద కూర్చున్నాం. ఇంతలో "అరే, జెన్నీ!" అని వినబడింది. శరత్. పుణెలో ఉద్యోగమట, సెలవుకి వచ్చి తిరిగి వెళ్తున్నాడు. ఒళ్లు చేశాడు. నాన్నకి దండం పెట్టాడు.

"అంకుల్, మీ అమ్మాయి ఆట ఏం ఆటండీ బాబూ! మా ఆఫీసులో కూడా చెప్తుంటాను" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు. "ఆ రోజు సాఫ్ట్‌వేర్ పెట్టుకోమని నేనే చెప్పాను కదా. ఆ గళ్ల బొమ్మల్లో ఈమె ఓడిపోతుందిలే అనుకున్నా. ఓడాక గుర్తొచ్చింది, దాంట్లో స్మోక్ రాదని! పాపం, జెన్నీకి ఆటలో స్మోక్ ఉంటుందనే తెలీదు అంకుల్. ఆ షాపులో అందరూ ఫుస్సీ బాంబు, ఫుస్సీ బాంబు అనుకునేవాళ్లు. నేను ఎన్నిసార్లు నవ్వుకున్నానో!" మళ్లీ నవ్వాడు. "అప్పుడు చెప్పాల్సింది. బచ్‌పనా, చిన్నతనం, ఏం చేస్తాం. కార్డు వదులుకోబుద్ధి కాలేదు." వాడి బండి వచ్చింది. చెయ్యి ఊపుతూ వెళ్లిపోయాడు.

నాన్న నేల చూస్తున్నాడు. మూడేళ్లుగా ఈ నిమిషం కోసమే బతికానని అప్పుడు తెలిసింది. ఏమంటాడు? తల మీద చెయ్యి వేస్తాడా? ఏమీ అనకపోయినా పరవాలేదు, ఒక్కసారి నా వైపు తిరిగితే చాలు.

తిరిగాడు. ఆ చూపు నాకు తెలుసు, బూట్లు విప్పకుండా చూసిన చూపే అది.

"అయితే ఆ రోజు సంఘం ముందర అబద్ధమాడేవన్నమాట" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకొని మూత తీస్తోంది. బిగుసుకుపోయినట్టుంది, తీస్తూనే ఉంది.

"ఆడేను నాన్నా" అన్నాను. "అదొక్కటే ఆడేను."

"అబద్ధమాడి, అదే నోటితో బల్ల దగ్గర తీసుకున్నావు." ఆయన గొంతులో కోపం లేదు, జబ్బు పిల్లకి మందు చెబుతున్నట్టు నెమ్మదిగా ఉంది. "తిరిగొచ్చేక పాస్టరుగారితో మాట్లాడతాను. మళ్లీ సంఘం ముందర చెప్పుకుందువు గాని."

అమ్మ మూత తీసింది. ముందు నాన్నకి పెట్టింది.